ముందు అవతలివాళ్ల మాట

ఆ రోజుల్లో నాకు తెలిసినదాని కంటే నేర్పాలన్న దురదే ఎక్కువ. అమలాపురంలో ఒక దినపత్రికకు కొత్తగా విలేకరినయ్యాను. పంచాయతీ కుళాయి గురించి నాలుగు ముక్కలు రాసినా, లోకమంతా నా వాక్యం కోసమే ఆగి ఉందనుకునేవాణ్ణి. అలాంటివాడికి శిష్యులు కూడా దొరికితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. దొరికారు. మా అక్క పిల్లలు.

అక్కది రాజోలు దగ్గర పల్లెటూరు. బావగారు మస్కట్‌లో. ఎనిమిదేళ్ల బుజ్జమ్మనీ, ఆరేళ్ల చిట్టిబాబునీ కాన్వెంటు మాన్పించి, ఇంట్లోనే పాతకాలపు పద్ధతిలో చదివించడం మొదలుపెట్టింది. పొద్దున్నే పద్యాలూ శ్లోకాలూ కంఠతా, తర్వాత ఎక్కాలు, ఆపైన వ్యాకరణం. ముందు నోటికి రావాలి, తర్వాత అర్థం కావాలి, ఆ తర్వాత వాదించడం రావాలి అని ఆవిడ లెక్క. బావగారు ఫోన్లో "నీ ఇష్టం" అనేశారు (దూరదేశంలో ఉన్న భర్తకి అంతకంటే క్షేమమైన మాట లేదు). పిల్లల తాతగారికి, అంటే అక్క మామగారికి మాత్రం ఇది మింగుడు పడలేదు. ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. తాటిపాక సెంటర్లో టీకి ఆగితే చాలు, "మనవలకి బళ్లో సీటు రాలేదా అండీ?" అని ఎవరో ఒకరు పరామర్శించేవారట. చివరికొకరోజు తేల్చేశారు. "చూడమ్మా, కాయ సంగతి చెవి దగ్గర పెట్టి ఊపితే తెలిసిపోద్ది. వేసవి సెలవులయ్యేలోగా పిల్లల్ని నేనే ఊపి చూస్తాను. బాగుంటే ఇంట్లోనే చదివించుకో. లేదంటే బడి బస్సెక్కించేద్దాం." "ఆయ్, అలాగేనండి" అంది అక్క. ఆ సాయంత్రమే నాకు ఫోను. "ఒరేయ్, పద్యాలూ ఎక్కాలూ నేను చూసుకుంటాను. వాదం నువ్వు నేర్పరా. పేపర్లో నువ్వు చేసేది అదేగా."

ఇక ప్రతి ఆదివారం రాజోలు బస్సు. వాదానికి మన పెద్దలు పెట్టిన నియమం ఒకటుంది. ముందు పూర్వపక్షం, అంటే అవతలివాళ్ల మాటని వాళ్లకంటే బాగా మనమే చెప్పాలి. ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే మన మాట చెప్పి దాన్ని పడగొట్టాలి. మొదటి పాఠం ఆనపకాయ కూర మీద పెట్టాను. అదంటే గిట్టని చిట్టిబాబు, నియమం తప్పకుండా ముందు దాని గొప్పలు ఎత్తుకున్నాడు: ఒంటికి చలవ, నమలక్కర్లేదు, మన పాదుకే కాసింది. వాడు రెండో భాగానికి వచ్చేలోపు అక్క మురిసిపోయి ఇంకో గరిటె వేసేసింది. వాడు ఏడ్చాడు, నేను నవ్వాను. బుజ్జమ్మ మాత్రం నవ్వకుండా ఆలోచిస్తూ కూర్చుంది (నా బోధన ఎంత లోతుగా దిగిందో అని పొంగిపోయాను).

పరీక్ష వీధి వరండాలో జరిగింది. తాతగారు పడక్కుర్చీలో, అక్క గుమ్మంలో, నేను గురుపీఠంలాంటి ప్లాస్టిక్ కుర్చీలో. పద్యాలు గోదారిలా వచ్చాయి. ఎక్కాలు కింద నుంచి పైకి కూడా చెప్పారు. తాతగారి మీసం కింద నవ్వు కనిపించింది. అక్క మొహం వెలిగింది. "సరే గానీ బుజ్జమ్మా, ఇంటికాడే ఎందుకు చదువుకోవాలో చెప్పు" అన్నారాయన. ఇంతకంటే తేలిక ప్రశ్న ఉండదని నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"ముందు అవతలివాళ్ల మాట చెప్పాలండి తాతగారూ" అని చేతులు కట్టుకుంది బుజ్జమ్మ. "బళ్లో తప్పు చెపితే నవ్వడానికి నలభైమంది ఉంటారండి. ఇక్కడ చిట్టిగాడొక్కడే, వాడికి నవ్వడం కూడా సరిగ్గా రాదు. బళ్లో కారేజీ తీసేదాకా ఏం కూరో తెలీదండి, పక్కవాళ్లది కూడా రుచి చూడొచ్చు. ఇక్కడ పొద్దున్నే పోపు వాసనకే తెలిసిపోద్ది. బళ్లో టీచరుగారు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారండి. మా టీచరు మా పక్కనే పడుకుంటుంది. నిద్రలో ఇటు తిరిగితే పదమూడో ఎక్కం అడుగుద్ది."

తాతగారు కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత లేచి కండువా దులుపుకున్నారు. "ఇంక చాలమ్మా. జూన్లో బడికి పంపేద్దాం."

"ఉండండి మావయ్యగారూ, ఇంకా సిద్ధాంతం ఉందండి" అని నేను అడ్డం వెళ్లాను.

"ఇంకా ఏముందండీ విలేకరిగారూ, పిల్ల అంత శుభ్రంగా చెప్పేస్తేను. మీరు మాత్రం భలే నేర్పేరండి."

అక్క నాకేసి చూసింది. ఆ చూపులో సిద్ధాంతం ఒక్కటే ఉంది, పూర్వపక్షం లేదు. ఆ మధ్యాహ్నం అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. జూన్లో బస్సు వచ్చింది. అక్క గేటు దగ్గరే చాలాసేపు నిలబడిపోయిందని తర్వాత చిట్టిబాబు చెప్పాడు. తాతగారు మాత్రం, తాటిపాక సెంటర్లో ఎవరు కనిపించినా "మా కోడలు ఇంట్లో చదివించిందండి, దాని ముందు ఏ బడీ పనికిరాదు" అని చెప్పుకునేవారట. ఆ మాట చెవిన పడ్డాకే అక్క నాతో మళ్లీ మాట్లాడింది.

బుజ్జమ్మ ఇప్పుడు విశాఖపట్నంలో లా చదువుతోంది. మొన్న కలిసినప్పుడు, ఇన్నాళ్లూ మనసులో ఉండిపోయిన సంగతి అడిగాను. "ఆ రోజు తాతగారు ఆపకపోతే సిద్ధాంతం ఏం చెప్పేదానివే?"

"అసలు తయారు చేసుకోలేదు మావయ్యా" అంది, కాఫీ ఊదుకుంటూ. "ఆయన అంతసేపు ఆగరని నాకు తెలుసుగా."

వారం వారం రాజోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక చిన్నపిల్లకి వాదం నేర్పబోతున్నానని మురిసిపోయిన ఆ కుర్ర విలేకరి అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. అతని భుజం తట్టి, నీ శిష్యురాలు నిన్నెప్పుడో దాటిపోయింది, ఇక దిగిపో నాయనా, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు లెండి. తిరిగి నాకే ఒక పాఠం చెప్పేవాడు.