సమ్మక్క కాపలా, లచ్చయ్య కిడ్నీలు

1996 మే నెల. బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్ ఆసుపత్రి. మగవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మాది విజయనగరం వైపు. నా నోరు పెద్దదని అక్కడ అందరికీ తెలుసు. నాకు భయపడైనా పేషెంట్లు వేళకు మందులు మింగేవాళ్లు, నాక్కావలసిందీ అదే.

ఒక మధ్యాహ్నం లచ్చయ్యను నలుగురు మోసుకొచ్చారు. తెలంగాణ సరిహద్దు దగ్గరి తర్లగూడ రైతు. పొలం పనుల్లేని వేసవిలో గని దగ్గర కూలికి వచ్చాడు. వాంతులు, విరేచనాలు అవుతున్నా ఎండలో పని మానక పడిపోయాడు. సెలైన్ పెట్టాక బీపీ పెరిగింది కానీ మూత్రం పూర్తిగా ఆగిపోయింది. డయాలసిస్ అంటే విశాఖ వెళ్లాలి, ఘాట్ రైలు ప్రయాణం తట్టుకునే స్థితిలో అతను లేడు. కిడ్నీలు వాటంతటవే తేరుకుంటేనే మనిషి దక్కుతాడు.

మా డాక్టరుగారికి పాఠం చెప్పడమంటే మహా ఇష్టం. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కిడ్నీలోని సన్నటి గొట్టాలను ట్యూబ్యూల్స్ అంటారు. వాటి లోపలి గోడ ఎపిథీలియల్ కణాల వరస. ఒక్కో కణానికి పైవైపు ఒక పని, అడుగువైపు ఇంకో పని. అలా నిలబెట్టేది కణం లోపల ఉండే సైటోస్కెలిటన్, అంటే దాని వాసాలూ తాళ్లూ. రక్తం అందకపోతే ఆ కట్టు సడలిపోతుంది. కొన్ని కణాలు ఊడిపోయి గొట్టానికి అడ్డం పడతాయి. మిగిలినవి పైకీ కిందికీ తేడా మరిచిపోతాయి.

"అయితే మనమేం చెయ్యాలి సార్?" అన్నాను.

"కాచుకోవాలి. నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి," అన్నారు.

చెప్పినంత తేలిక కాదది. వాళ్ల ఊళ్ల వైపు జబ్బు మనిషిని చూడటానికి ఎవరొచ్చినా ఇంత అంబలి తెచ్చి, తమ చేత్తో తాగించి పోతారు. కూలీల గుడిసెల నుంచి రోజూ చెంబులు బయలుదేరేవి. లచ్చయ్య భార్య సమ్మక్కను వరండాలోకి పిలిచి గట్టిగా చెప్పాను.

"నేను చెప్పేదాకా ఈ గ్లాసు కొలత దాటి చుక్క పొయ్యకు. పోస్తే నీ మొగుణ్ణి నువ్వే చంపుకున్నట్టు."

"ఏంది సిస్టరమ్మా, గంత మాటంటవ్! గొంతెండుతాందని ఏడుస్తాండు."

"ఏడవనీ. బతికుంటేనే కదా ఏడుస్తాడు."

ఆ రోజు నుంచి సమ్మక్క మంచం పక్కనుంచి కదల్లేదు. సొంత మరిదిని కూడా అంబలి చెంబుతో సహా వెనక్కి తోలేసింది. ఎట్టకేలకు సీసాలో కాస్త మూత్రం కనిపించింది. వార్డంతా పండగ. రోజురోజుకూ పెరిగింది. నేను నిశ్చింతగా సెలవు మీద వెళ్లాను.

తిరిగొచ్చేసరికి లచ్చయ్య కళ్లు లోతుకు పోయి ఉన్నాయి, నాలుక ఎండిపోయింది. మంచం కింద సీసా మాత్రం తేట నీళ్లలాంటి మూత్రంతో నిండి ఉంది.

"నీళ్లివ్వడం లేదా?" అని అరిచాను.

"పొయ్యలే," అంది సమ్మక్క, మెచ్చుకుంటానని చూస్తూ. "నువ్వు లేనప్పుడు ఇంకో సిస్టర్ 'జ్యాదా పానీ పిలావో', నీళ్లు బాగ తాపు అన్నది. ఇస్తున్ననని చెప్పిన గని ఇయ్యలే. పొయ్యొద్దన్నది నువ్వు, పొయ్యుమనాల్సింది నువ్వే."

నాకు కోపం వచ్చింది. డాక్టరుగారిని పిలిచి సెలైన్ పెట్టి, ఉప్పు వేసిన నీళ్లు నేనే గ్లాసుతో పట్టించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపబోయింది.

"సమ్మక్కా, నాటేసిన కొత్తలో నారు ఎలా ఉంటుంది?"

"ఒరిగి పండుకుంటది."

"ఇతని కిడ్నీలో ఇప్పుడు అదే జరుగుతోంది. కొత్త కణాలు గోడంతా పరుచుకున్నాయి, ఇంకా లేచి నిలబడలేదు. అందుకే నీళ్లు పట్టుకోలేక అన్నీ వదిలేస్తున్నాయి. అవి నిలబడేదాకా పోయినన్ని మనం పొయ్యాలి."

మిగతాది డాక్టరుగారు నాకు చెప్పారు. యాక్టిన్ అనే తాళ్లు కణం పైఅంచు చుట్టూ దట్టీలా బిగుసుకుని పక్క కణంతో ముడిపడతాయట. కణం లోపలే ఉండే మైక్రోట్యూబ్యూల్స్ అనే ఇంకా సన్నటి గొట్టాలు పైనుంచి కిందికి బారులు తీరి, ఉప్పు తోడే పంపులు అడుగుకు చేరడానికి బాటలవుతాయట. అప్పుడే కణానికి తల ఎటో కాళ్లెటో తెలుస్తుందట. ఇదంతా కంటికి కనబడేది కాదు. నాకు కనబడేదల్లా సీసా.

సమ్మక్క ఇప్పుడు చెంబు పట్టుకుని భర్త వెంటపడింది. ఒక ఉదయం సీసాలో మూత్రం కొద్దిగానే ఉంది, మంచి పసుపు రంగులో. నీళ్లను నిలుపుకోవడం కిడ్నీలకు మళ్లీ చేతనైంది. ఆ సీసా పట్టుకుని డాక్టరుగారి గదికి పరిగెత్తాను. కళ్లు తుడుచుకుంటూ తిరిగొస్తుంటే సమ్మక్క ఎదురైంది.

"ఉచ్చను చూసి ఏడుస్తరా సిస్టరమ్మా!" అని పగలబడి నవ్వింది.

ఆర్డరు మారినప్పుడు చార్టులో రాస్తే చాలదని, మంచం పక్క కాపలా ఉన్న మనిషి ఎవరి మాట వింటుందో వాళ్లే వచ్చి చెప్పాలని ఈ కేసు నాకు నేర్పింది. తేరుకుంటున్న మనిషిని జబ్బు మనిషి కంటే జాగ్రత్తగా చూసుకోవాలని కూడా.

డిశ్చార్జి చేసిన రోజు లచ్చయ్య వరండాలో నిలబడి చెంబెత్తి గటగటా తాగుతున్నాడు. సమ్మక్క అతని వీపు మీద చెయ్యి వేసింది.

"మెల్లగ తాగు. ఇగ ఎవ్వరు గుంజుకోరు."