గంగమ్మకు మొక్కిన పొట్టేలు

మా అత్త ఎవరి మాటా వినే మనిషి కాదు. పెళ్ళయి రాయచోటి పక్కన ఆ ఊరికి వచ్చిన వారానికే నాకు ఆ సంగతి అర్థమైంది. నేనూ నోరులేనిదాన్నేం కాదు కాబట్టి ఇంట్లో ఏదో ఒక గొడవ ఉంటూనే ఉండేది. వాటన్నిట్లోకీ పెద్ద గొడవ ఒక పొట్టేలు గురించి జరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వానలు ముఖం చాటేసి, వేసిన వేరుశనగంతా ఎండిపోయింది. మా ఆయన ఆశంతా గొర్రెల మీదే పెట్టుకున్నాడు. అవేమో ఈతకు ఒక్క పిల్లనే వేసేవి. అప్పుడు పశువుల డాక్టరు ఒకాయన పరిశోధన కేంద్రం నుంచి ఒక పొట్టేలును తెచ్చి మా మందలో వదిలాడు. మా పొట్టేళ్ళ పక్కన అది బక్కగా, పొట్టిగా ఉంది.

"ఏమప్పా డాక్టరా, ఇది పొట్టేలా, పిల్లా?" అంది అత్త.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. "దీనికి కవలల గుణం ఉందమ్మా. ఆ గుణం వచ్చిన ఆడపిల్లలు పెద్దయ్యాక రెండేసి పిల్లల్ని వేస్తాయి. అయితే పుట్టినవాటిలో సగానికే అది వస్తుంది. ఆడవాటికైతే ఈనినప్పుడు తెలిసిపోతుంది. మగవి ఈనవు కదా, చూసి చెప్పలేం. రక్తం తీసి జన్యువు చూడాల్సిందే."

"రెండు పిల్లలు పుడితే పాలు యాడినుంచి వస్తాయి?" అని అడిగింది అత్త. ఆ ప్రశ్న నాకూ సబబుగానే తోచింది. చూలు గొర్రెలకు దాణా పెట్టాలని డాక్టరు చెప్పాడు గానీ ఆమె ముఖంలో నమ్మకం కనిపించలేదు.

పిల్లలు పుట్టాయి. డాక్టరు వాటి చెవులకు నంబర్లు వేసి, మెడ దగ్గర కొంచెం రక్తం తీసి పంపాడు. ఇంతలో నీలినాలుక రోగం వచ్చి ఆ కొత్త పొట్టేలు చచ్చిపోయింది. అదే సమయంలో మా ఆయనకు కామెర్లు ముదిరాయి. నేను ఆయనతో కడప ఆసుపత్రిలో ఉంటే, ఇక్కడ అత్త ఒంటరిగా కూర్చుని, పుట్టిన మగపిల్లల్లో బలమైనదాని తలకు పసుపు పూసి గంగమ్మకు మొక్కుకుంది. మేం తిరిగొచ్చేసరికి దాని మెడలో గంట ఉంది. ఆయన లేచి తిరుగుతున్నాడు కదా అన్న సంతోషంలో ఆ గంటను నేను పట్టించుకోలేదు.

కొన్ని నెలల తర్వాత డాక్టరు బండి మీద వచ్చాడు. మగపిల్లల్లో ఒక్కదానికే ఆ గుణం వచ్చిందట. చెవి నంబర్లు చూసుకుంటూ వెళ్ళి గంటపొట్టేలు దగ్గర ఆగాడు. ఆడగొర్రెకు ఆ గుణం ఉంటే దాని కడుపున పుట్టినవాటి వరకే వస్తుంది. పొట్టేలైతే మందంతటికీ పంచుతుంది. ఇది జాతరలో బలికి పోతే మా ఆశా దాంతోనే పోయినట్టు.

"పొట్టేలిస్తానని కదత్తా మొక్కుకునింది, ఇంకోటి ఇద్దాం" అన్నాను.

"దీని తలకే పసుపు పెట్టినా. నా కొడుకును నిలబెట్టింది ఆయమ్మ. ఇప్పుడు మాట తప్పమంటావా?"

పంతం పట్టి ఆపించాక ఆయనకు మళ్ళీ ఏమైనా అయితే? నాకూ భయమే. మా ఆయన ఇద్దరి మధ్యా ఇరుక్కోకుండా చేనికి పోయాడు.

జాతర రోజు రానే వచ్చింది. మా వైపు పసుపు నీళ్ళు పోసినప్పుడు పొట్టేలు ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు. పూజారి చెంబు ఎత్తబోతే అత్త లాక్కుంది. "నా మొక్కు, నేనే పోస్తా" అంది.

పోసింది. పొట్టేలు కదల్లేదు. మళ్ళీ పోసింది. అది తాపీగా వేపాకు నములుతూ నిలబడింది. ఇంకోసారి పోశాక పూజారి, "అమ్మకు ఇది వద్దంట. వేరేది తీసుకురాండి" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మందలోంచి ఇంకో పొట్టేలును తెచ్చారు. అత్త చెంబెడు నీళ్ళూ నేరుగా దాని చెవుల్లో కుమ్మరించింది. అది విదిలించిన విదిలింపుకు మా చీరలన్నీ పసుపు మరకలే. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గంటపొట్టేలుకు పోసేటప్పుడు తల పట్టుకున్నట్టు పట్టుకుని, నీళ్ళు లోపలికి పోకుండా ఎడమచేత్తో దాని చెవులు రెండూ అదిమిపెట్టింది.

నేను ఏమీ అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం. ఆ గంటపొట్టేలుకు పుట్టిన కూతురు మొదటిసారి కవలల్ని ఈనిన రోజు మాత్రం ఇక ఆగలేకపోయాను. తల్లి పాలు చాలని రెండో పిల్లను అత్త ఒళ్ళో పెట్టుకుని సీసాతో తాగిస్తోంది.

"అత్తా, ఆ పొద్దు దాని చెవులు మూసినావు కదా?"

ఆమె తల ఎత్తలేదు.

"ఏమ్మే, దొంగతనంగా మూసినానా? ఆయమ్మ ఎదురుగానే మూసినా. అదే కావాలనుకునింటే నా చెయ్యి తోసేసుండేది కాదా?"