గాజుల పెట్టె అప్పగించడానికి దేవరకొండ దాకా

1993 ఎండాకాలంలో నేను దేవరకొండకు బయల్దేరింది ఊరు చూడటానికి కాదు, చేసిన తప్పు దిద్దుకోవడానికి. మాది నార్కట్‌పల్లి. చెల్లె పెండ్లికి గాజులు కావాలని దేవరకొండలో గాజులమ్మే జైనబీకి బస్సు కండక్టర్‌తో కబురు పెట్టాం. ఆమె చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, గాజులు సర్ది, ఆ కండక్టర్ చేతికే ఇచ్చి పంపింది. గాజులు తీసుకున్నాక పెట్టెను గడ్డితో సహా తిరుగు బస్సులో పంపేయాలి. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిన పద్ధతే అది. నేనేమో పెండ్లి హడావుడిలో ఆ గడ్డితో పొయ్యి రాజేసి, పెట్టెను పగలగొట్టి నీళ్ల కాగు కింద పెట్టేశాను.

వారం తిరిగేసరికి కండక్టర్ నన్ను బస్టాండులో పట్టుకున్నాడు. "పెట్టె ఏది తమ్మీ? నందికొండ ఊర్ల ఒక పెండ్లికి గాజులు పోవాలె. ముసలామె దగ్గర ఇంకోటి లేదు." అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వడ్రంగితో రెండు రోజుల్లో మామిడిచెక్క పెట్టె చేయించి, "నువ్వే పోయి చేతికిచ్చి రా" అంది. నేను బయల్దేరిన మర్నాడే ఆ పెండ్లి. నందికొండ బస్సు దేవరకొండలో పన్నెండున్నరకు కదులుతుంది.

పొద్దున ఆరున్నరకు నార్కట్‌పల్లిలో బస్సెక్కి, మూడు రూపాయల టికెట్టుతో నల్లగొండలో దిగాను. ఎనిమిదింటికి దేవరకొండ బస్సు దొరికింది. నాకు తొమ్మిది రూపాయలు, పెట్టెకు విడిగా లగేజీ టికెట్టు. రాళ్లగుట్టలు, తాటిచెట్లు చూస్తూ హాయిగా రెండు గంటల ప్రయాణం అనుకున్నాను. కొండమల్లేపల్లి ఇంకా రాకముందే టైరు పంచరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు; దాన్ని బస్సు కండక్టర్ ఒక లారీలో వేసుకుని గాలి కొట్టించడానికి పోయాడు. నేను గడియారం చూస్తూ డ్రైవర్ చుట్టూ తిరుగుతుంటే, "పెట్టె మీద జర కూసో తమ్మీ. గాలి వచ్చినంక బండి పోతది. గంతదాంక నువ్వు తిరిగినా పోదు, నేను తిట్టినా పోదు" అన్నాడు.

దేవరకొండలో దిగేసరికి పన్నెండు కావస్తోంది. బస్టాండు వెనక సందులోనే జైనబీ ఇల్లు. ఆమె గాజులను దారాలకు గుచ్చి, పాత చీర ముక్కల్లో చుట్టి సిద్ధంగా పెట్టుకుంది. నా చేతిలోని కొత్త పెట్టె అందుకుంది. గడ్డి పరిచి, చకచకా సర్ది, మూత అందుకుని లోపలి వైపు తిప్పి చూసింది.

"పాత మూతకు లోపల పసుపు చుక్కలుండె, చూసినవా బిడ్డా?"

చూశాను. పచ్చడి మరకలనుకున్నాను.

"పెండ్లయినోళ్లు పెట్టె వాపస్ పంపేటప్పుడు ఒక చుక్క పెడ్తుండిరి. నాకు సదువు రాదు. ఎంతమంది పిల్లలు నా గాజులు తొడిగిన్రో గా చుక్కలే చెప్తుండె."

నాకు దుఃఖం ఆగలేదు. "తప్పయిందమ్మా" అన్నాను.

"కాలిందానికి ఏం చేస్తం" అని లోపలికి వెళ్లి, తడిపిన పసుపు తెచ్చి నా ముందు పెట్టింది. "మీ చెల్లె చుక్క నువ్వు పెట్టు. మల్ల మొదలువెడ్దం."

కొత్త మూత లోపల ఒక చుక్క పెట్టాను. పెట్టె పట్టుకుని ఇద్దరం పరుగులాంటి నడకతో వెళ్లాం. నందికొండ బస్సు కండక్టర్ దాన్ని తన సీటు పక్కనే పెట్టుకున్నాడు.

ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. దేవరకొండలో గాజులు కొంటే మూతున్న డబ్బా, పాత గుడ్డలు ఇంటి నుంచే తీసుకెళ్లండి, ఒక్క గాజూ పగలదు. ఇప్పుడు నేను ఫోనులో ఏది నొక్కినా గడపలోకే వస్తుంది. అట్టపెట్టె, దానిలో ప్లాస్టిక్ సంచి, దానిలో గాలి నింపిన తిత్తులు. అన్నీ అదే రోజు చెత్తబండి ఎక్కి ఊరి బయట గుట్టలో కలుస్తాయి. అప్పట్లో ఒక్క పెట్టె కాల్చినందుకు ఒక మనిషి ముందు తలవంచుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఎన్ని పారేశానో నాకు తెలియదు. పెట్టె ఏదని నన్ను ఎవరూ అడగలేదు.