మడత పెట్టిన సోలార్ పందిరి

తుఫాను తీరం దాటిన మరునాడు ఉదయం ఏడున్నరకు, చిట్టమూరు దాటి పులికాట్ ఒడ్డున ఒక జాలర్ల పల్లెకు చేరాము. సహాయానికి వచ్చిన జవాన్లం, ఆరుగురం. రోడ్డుకు గండి పడి లారీ అవతలే ఆగింది. మోకాలి లోతు నీళ్లలో సామాను మోసుకొచ్చాము. కరెంటు లేదు. ఫోన్లు పనిచేయవు. మా జనరేటర్‌లోకి ఉప్పునీళ్లు పోయాయి. మిగిలినవి వైర్‌లెస్ సెట్టు, ఒక బ్యాటరీ, సోలార్ పందిరి.

పందిరంటే పల్చటి గుడ్డ. నాలుగు గొట్టాల మీద కడితే పదిమందికి నీడ. పైన కుట్టిన నల్లటి పట్టీలు ఎండను కరెంటు చేసి బ్యాటరీకి పంపుతాయి. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. కానీ పోస్టింగ్ ఎక్కడైనా అక్కడి గ్రంథాలయం వదల్లేదు. ఎండ కరెంటుగా ఎలా మారుతుందో మావాళ్లకు అరగంట చెప్పాను.

"అయితే పందిరి బాధ్యత ఈ ప్రొఫెసర్‌దే" అన్నాడు హవల్దార్.

మధ్యాహ్నం మూడింటికి సెట్టు పలికింది. తుఫానుకు ముందు వేటకు పోయి తిరిగిరాని పడవ అది.

"ఇంజను ఆగిపోయిందన్నా. నలుగురం ఉండాం. యాడుండామో తెలీడంలే."

"ఈ గాలికి ఇవాళ హెలికాప్టర్ ఎగరదు. రేపు పొద్దున తొమ్మిదింటికి పిలవండి. ఏం కనిపిస్తే అది చెప్పండి. హెలికాప్టర్ పంపిస్తాం" అన్నాడు మా ఆపరేటర్.

పక్కనే ఉన్న ఆ పల్లె ఆవిడ కామాక్షమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయన గొంతే సార్ అది."

నాలుగింటికి గాలి హెచ్చింది. పందిరి దించమని ఆర్డర్. బ్యారక్‌లో దుప్పటి మడిచినట్టే మడిచాను. అంచుకు అంచు, మూలకు మూల. మోకాలితో అదిమి చదరం చేశాను. హవల్దార్ భుజం తట్టాడు.

మరునాడు ఆరింటికి మళ్లీ కట్టాను. మంచి ఎండ. మీటరు ముల్లు కదలలేదు. మడత పడిన ప్రతిచోటా పట్టీ చిట్లి తెల్లటి గీత. సంచి లోపలి జేబులో ఒక కాగితం దొరికింది. 'చుట్టాలి. మడవరాదు.' అన్ని పుస్తకాలు చదివిన నేను ఆ ఒక్క కాగితం చదవలేదు.

లారీ బ్యాటరీ కోసం ఒక జవాను నీళ్లలోకి దిగాడు. రాత్రంతా ఆన్‌లో ఉన్న మా సెట్టు ఎనిమిది నలభైకి ఆరిపోయింది. అతను తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. అప్పటినుంచి ఎంత పిలిచినా గరగర తప్ప మరేమీ వినిపించలేదు.

ఐదో రోజు వెనక్కి ఆర్డర్ వచ్చింది. అప్పటికీ పడవ జాడ లేదు. తర్వాత రిటైరై మా ఊరు కావలి వచ్చేశాను.

ఇప్పటికీ కళ్లముందు నిలిచేది ఆ ఉదయం తొమ్మిది గంటల వేళ. కామాక్షమ్మ పందిరి నీడలో కూర్చుని, ఆరిపోయిన సెట్టుకు చెవి ఆనించింది. అది ఆరిపోయిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"మాట్లాడబాకండి సార్. పిలస్తాడు."

ఐదుగురం నోరు మూసుకుని నిలబడ్డాము.