కొండ మీదికి వచ్చిన మిషన్

నేను ప్రార్థన గుంపులో చేరింది దేవుడి కోసం కాదు, గేటు కోసం. టెక్కలిలో మా హాస్టల్ వార్డెనమ్మ ఆదివారం పూట ఎవర్నీ బయటకు వదిలేది కాదు, ఒక్క ప్రార్థనకు వెళ్ళేవాళ్ళను తప్ప. మాది ఉద్దానంలో జీడితోటల ఊరు, ఇంట్లో సత్యనారాయణ వ్రతం మానని వాళ్ళం. అయినా సరే, మెస్సులో పప్పుచారు వాసన పీలుస్తూ కూర్చోవడం కంటే నాలుగు పాటలు పాడి రావడం నయమనిపించింది. పాడగా పాడగా నా గొంతు బాగుందన్నారు. అంతే, ఉబ్బిపోయాను. ఎవరైనా కాస్త పొగిడితే చాలు, వాళ్ళ వెంట ఎక్కడికైనా పోయే రకాన్ని అప్పట్లో.

గుంపుకి నాయకుడు ఆఖరి సంవత్సరం చదివే ఒకాయన. అందరం అన్నయ్యా అనేవాళ్ళం. మంచివాడే, చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే మొదటి వారమే ఓ దండం పెట్టి వచ్చేసేదాన్ని. మాటకోసారి కళ్ళు మూసుకుని "ఆత్మల భారం" అనేవాడు, జనాన్ని రక్షించే పూచీ తన మీద పడిందన్నట్టు. భారం ఆయనది, మోత మాది. కీబోర్డూ స్పీకర్లూ బ్యానరూ మా నెత్తినే ఉండేవి.

ఓ జనవరిలో ఆయనకి మందస కొండల్లోని ఒక గూడ మీద, అంటే సవర గిరిజనుల పల్లె మీద, భారం కలిగింది. "వాళ్ళు అంధకారంలో ఉన్నారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. సవర ఆడవాళ్ళు మందస సంతకి పసుపూ చింతపండూ కొండచీపుర్లూ తెస్తారు, మా అమ్మ ఏటా వాళ్ళ దగ్గరే కొంటుంది. అంధకారమంటూ ఉంటే అది వాళ్ళను బేరమాడి ఏడిపించే మా అమ్మ దగ్గర ఉండాలి. మా ఊళ్ళో కిడ్నీ జబ్బుతో పలాసకి డయాలిసిస్‌కి తిరిగేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అక్కడికి పోయి రెండు మంచి మాటలు చెబుదామని మాత్రం ఎవరికీ భారం కలగలేదు. కొండా, పూరిల్లూ, చింపిరి జుట్టు పిల్లలూ పడినంత అందంగా డయాలిసిస్ మంచాలు ఫోటోలో పడవు మరి.

యాత్రకి "జీవజల మిషన్" అని పేరు పెట్టారు. జీవజలమంటే క్రీస్తు ఇచ్చే నిత్యజీవమని మాకు తెలుసు, మా బైబిళ్ళకు తెలుసు. తెల్ల టీషర్టుల మీద నీలం రంగులో అదే మాట అచ్చేయించి, బ్యానరు మీద ఓ పెద్ద నీటిచుక్క బొమ్మ కూడా వేయించారు. ఎంత తెలివైన వాళ్ళమో చూడండి.

జీపు కొండ అడుగున ఆగిపోయింది. అక్కణ్నుంచి గూడకి ఒక జీడితోట మధ్యలోంచి సన్నటి దారి. చెట్లు పూత మీదున్నాయి. నాలుగు పెద్ద చెట్లయితే దారి మీదికి కొమ్మలు వాల్చేసి, స్పీకర్లు మోస్తున్న మమ్మల్ని ఒంగి ఒంగి నడిపించాయి. ఆ తోట గూడలో ఒకావిడది. యాభై ఏళ్ళుంటాయి. సంతల్లో తిరిగిన మనిషి కావడంతో తెలుగు బాగా మాట్లాడేది. మేం వెళ్ళేసరికి బిందె నెత్తిన పెట్టుకుని కొండ కింద పారే గెడ్డ నుంచి ఎక్కి వస్తోంది. మోకాళ్ళు పట్టుకుని రెండుసార్లు ఆగింది. గూడలో బోరు లేదు, నుయ్యి లేదు. చుక్క నీళ్ళు కావాలన్నా ఆ కింది గెడ్డకి దిగాల్సిందే.

బ్యానరు కట్టాం, పాడాం. అన్నయ్య లేచి, "మేం మిషన్ నుంచి వచ్చాం. మీకు జీవజలం ఇవ్వడానికి వచ్చాం. ఎవరికి కావాలో చేతులెత్తండి" అన్నాడు.

గూడ గూడంతా చేతులెత్తింది. చంటిపిల్ల చేతిని కూడా వాళ్ళమ్మ పట్టుకుని ఎత్తింది. అన్నయ్య కళ్ళమ్మట నీళ్ళు. మావాళ్ళు పేర్లు రాసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు.

అప్పుడా తోటావిడ లేచింది. "బాబూ, మిషన్ మీ ఎనకాల వత్తందా?"

"మిషన్ వచ్చేసిందమ్మా. మీ మధ్యనే ఉంది" అన్నాడు అన్నయ్య.

"అది కాదు బాబూ. దారి సాలదు గదా. నిరుడు పంచాయితీ బోరుకని ఒక మిషన్ వచ్చి, కిందనుంచే ఎనక్కి ఎలిపోనాది. సెట్లు కొట్టమన్నారు. నాను కొట్టనియ్యలేదు. ఆల మాట నమ్మకం కాదు."

"దారి మీరు సిద్ధం చేయండమ్మా. నమ్మండి. మిగతాది ఆయన చూసుకుంటాడు" అన్నాడు అన్నయ్య, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆవిడ తలూపింది. ఆయనెవరని అడగలేదు. పైన కూర్చున్న ఇంజనీరనుకుని ఉంటుంది.

అన్నయ్యకి అర్థం కాలేదు, ఒప్పుకుంటాను. పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఆయన చెవికి మిషనంటే ఒకటే అర్థం. నాకు మాత్రం అర్థమైంది. కుట్టు మిషన్, పిండి మిషన్, బోరు మిషన్ అనే ఊళ్ళో పుట్టిన దాన్ని. నీళ్ళిస్తామని నీటిచుక్క బొమ్మ కట్టుకుని మిషన్ వాళ్ళమంటూ వస్తే, బుర్ర ఉన్న మనిషెవరైనా బోరే అనుకుంటారు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ఎత్తిన చేతులన్నీ దిగిపోతాయి, అన్నయ్య మొహం మాడిపోతుంది, ఇంక నన్ను ముందు నిలబెట్టి పాడించడు. ఛీ, ఎంత చిన్న విషయానికి నోరు మూసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంతటితో ఆగానా? పలాస బస్టాండు దగ్గర బిర్యానీ తింటూ "మిషన్ ఎనకాల వత్తందా బాబూ" అని ఆవిడ గొంతు పెట్టి మరీ అనుకరించాను. అందరూ పొలమారేలా నవ్వారు. అన్నయ్య కూడా నవ్వి, "పాపం, అమాయకులు" అన్నాడు.

తర్వాతి ఆదివారం ప్రార్థనలో ఆ గూడ మొత్తం రక్షణ పొందిందని సాక్ష్యం చెప్పారు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను.

మార్చిలో మళ్ళీ వెళ్ళాం, ఈసారి బైబిళ్ళు పంచడానికి. జీపు కొండ అడుగున ఆగలేదు. లారీ పట్టేంత వెడల్పున దారి పైదాకా తెరుచుకుని ఉంది. గుంతల్లో రాళ్ళు పేర్చి మట్టి కూడా కప్పారు.

"చూశారా! ప్రభువు దారి తెరిచాడు" అన్నాడు అన్నయ్య. జీపులో చప్పట్లు.

దారి పక్కన నాలుగు జీడిచెట్లు పడున్నాయి. మొదళ్ళు ఇంకా పచ్చిగా ఉన్నాయి. వాడిపోయిన కొమ్మలకి పిందెలు నల్లబడి వేలాడుతున్నాయి. మరో నెలాగితే కోతకొచ్చే కాపు. నేను చప్పట్లు కొట్టలేదు.

ఆవిడ ఎదురొచ్చింది. మా జీపును దాటి కింది మలుపు దాకా చూసింది. "మిషన్ ఏదీ?"

"మేమే అమ్మా మిషన్" అన్నాడు అన్నయ్య. చేతిలో బైబిల్ చాపాడు.

ఆవిడ దాన్ని అందుకోలేదు. మా టీషర్టుల వంక చూసింది. నా వైపు తిరిగి, "పాపా, నువ్వు సెప్పు. ఈ బాబు మాట నాకు తెలీడం లేదు. బోరు ఎప్పుడేత్తారు?" అంది.

అందరూ నన్నే చూస్తున్నారు. "మా దగ్గర బోరు లేదమ్మా. మేం బోరు వేసేవాళ్ళం కాదు. పాటలు పాడతాం, వాక్యం చెబుతాం, అంతే" అన్నాను.

"ఆ నీళ్ళు కాదమ్మా, ఆత్మ సంబంధమైన..." అంటూ అన్నయ్య ఆవిడకి చెప్పబోయాడు. "మీరు నోరు మూసుకోండి అన్నయ్యా" అన్నాను. ఆ గుంపులో నేనన్న మొదటి నిజమైన మాట అదే, కానీ రెండు నెలలు ఆలస్యంగా అన్నాను.

ఆవిడ పడిపోయిన చెట్టు మీద కూర్చుంది. నల్లబడిన పిందె ఒకటి తెంపి నలిపి చూసింది. "గూడోలందరూ వద్దన్నారు. నా తోటలో బాగా కాసీవి ఈ నాలుగు సెట్లే. సదూకున్న పిల్లలు, అబద్దం ఎందుకాడతారని నానే కొట్టించినాను" అంది. తల ఎత్తింది. "నీకు తెలుసేటి పాపా, ఆ దినమే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తెలుసమ్మా" అన్నాను.

తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆవిడ లేచి, చెట్టు పక్కనున్న బిందె తీసుకుని చంకన పెట్టుకుంది.

"అడ్డు లెగండి" అంది. "పొద్దెక్కితే రాయి కాల్తాది. నీల్లకెల్లాల."

జీపు వెనక్కి తీసి దారిచ్చాం.