గ్యాప్ రాకూడదని దాచిన చేతులు

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరిన మూడో నెల. మార్నింగ్ డ్యూటీ అయ్యాక గ్లవ్స్ తీస్తే వేళ్ల సందుల్లో సన్నటి నీటి పొక్కులు, ఒకటే దురద. శానిటైజర్ పడలేదేమో అనుకున్నాను. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినదాన్ని, ఈ మాత్రం వైద్యం నాకు తెలియదా? బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొనుక్కుని రాసుకున్నాను. నాలుగు రోజుల్లో తగ్గింది. మానేయగానే రెట్టింపయింది.

అప్పుడే ఎవరికైనా చెప్పాల్సింది. చెప్పనివ్వని మాట ఒకటుంది, గ్యాప్. నేను వెళ్లాలనుకున్న గల్ఫ్ ఉద్యోగానికి లైసెన్సింగ్ ఎగ్జామ్ పాసవ్వాలి, ఇక్కడ రెండేళ్ల అనుభవమూ ఉండాలి. ఏజెంటు మొదటిరోజే చెప్పాడు. "మధ్యలో గ్యాప్ ఉండకూడదమ్మా. రెండు నెలలు మానేసినా మళ్లీ మొదటినుంచే లెక్క." సెలవు పెడితే గ్యాప్. చర్మవ్యాధి అని తెలిసి ఉద్యోగంలోంచి తీసేస్తే అదీ గ్యాపే. ఆ భయంతో కిక్కురుమనకుండా ఉండిపోయాను.

మంట ఎక్కువైనకొద్దీ, చేతులకు రక్షణ అని ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అప్పుడు మాత్రం అదే పెద్ద తెలివి అనిపించింది.

ఏడో నెలకు వేళ్ల కొసలు చీలాయి. అన్నం కలిపితే కారం తగిలి ప్రాణం పోయేది. మాది గణపవరం దగ్గర ఊరు. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ కంటపడకుండా స్పూనుతో తినేదాన్ని. అమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఐసులో రొయ్యలు ఒలిచే నా చేతులే నయం కదే. నిన్ను చదివించింది ఇందుకా?" అంది.

మానేయమని మాత్రం అనలేదు. మానేస్తానని నేనూ అనలేకపోయాను.

పన్నెండో నెలలో ఎగ్జామ్. అక్కడ మెషీన్ నా వేలిముద్ర తీసుకోలేదు. బొటనవేలు ఎన్నిసార్లు తుడిచి పెట్టినా అంతే. చివరికి పాస్‌పోర్టు, ఫొటో చూసి లోపలికి పంపారు. కంప్యూటర్ మీద ఒక ప్రశ్న వచ్చింది. గ్లవ్స్ తొడుక్కునే మేర మాత్రమే దద్దుర్లు వస్తున్న నర్సు మొదట ఏం చేయాలి? 'పైవారికి తెలియజేసి గ్లవ్స్ మార్చుకోవాలి' అన్న జవాబు పెట్టాను. అది నా సంగతేనని ఆ కుర్చీలోనే అర్థమైంది. అర్థమయ్యాక కూడా మర్నాడు వార్డులో అవే గ్లవ్స్ తొడుక్కున్నాను. ఎగ్జామ్ పాసయ్యాను.

ఆ తర్వాత పెంటపాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు సెలైన్ ఎక్కించే క్యాన్యులా వేయబోతుంటే, గ్లవ్ లోపల నా వేలి దగ్గర రక్తపు మరక కనిపించింది. ఆవిడ నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏవండీ, ఏమీ అనుకోకండి. ఇంకొకరిని పిలుస్తారా అండీ?" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. స్టోర్ రూములోకి వెళ్లి ఏడ్చాను.

ఆ వారమే భీమడోలు మీదుగా రైల్లో ఏలూరు వెళ్లి డెర్మటాలజిస్టుకు చూపించుకున్నాను. ఆయన నా మణికట్టు దగ్గర వేలు పెట్టారు. "ఈ గీత చూశారా? గ్లవ్ ఎక్కడ ఆగిందో జబ్బూ అక్కడే ఆగింది." ఏది పడదో తేల్చడానికి వీపు మీద ప్యాచ్ టెస్ట్ పెట్టి, తడపొద్దన్నారు. రెండు రోజుల తర్వాత ప్యాచ్‌లు తీసి చూశారు, ఇంకో రెండు రోజులాగి మళ్లీ చూశారు. "కాంటాక్ట్ డెర్మటైటిస్. గ్లవ్స్ రబ్బరులో కలిపే కెమికల్ మీకు పడదు. రెండు నెలలు వార్డుకు వెళ్లకండి."

"గ్యాప్ వస్తుందండీ."

"వెళ్తే తగ్గదమ్మా. ఆలోచించుకోండి."

ఇరవై రోజులు సెలవు పెట్టి, సగం మానిన చేతులతో మళ్లీ చేరాను. వారంలోపే చీము పట్టింది. యాంటీబయాటిక్స్, కట్లు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. డాక్టర్ రాసిన లెటర్ తీసుకెళ్లి మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారి ముందు పెట్టాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆవిడ చదివి తలెత్తారు. "మన సర్జన్ గారికీ ఈ గ్లవ్స్ పడవు కదమ్మా. ఆయన కోసం ఆపరేషన్ థియేటర్లో వేరే గ్లవ్స్ బాక్సు ఎప్పుడూ ఉంటుంది. ఒక్కమాట చెబితే మొదట్లోనే నీకూ ఇచ్చేదాన్ని."



రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాను. గ్యాప్ వచ్చింది, పద్నాలుగు నెలల అనుభవం లెక్కలోంచి పోయింది. మళ్లీ అదే ఆసుపత్రిలో చేరాను. ఇప్పుడు ఐదో నెల. వేరే గ్లవ్స్ వాడుతున్నాను, ప్రతిసారీ చేతులు కడిగాక క్రీమ్ రాస్తున్నాను. చలికి ఇంకా చీలుతున్నాయి. నేను పాసైన ఎగ్జామ్ కొంతకాలమే చెల్లుతుంది. ఆలోగా రెండేళ్లు నిండుతాయో లేదో తెలియదు. గల్ఫ్ వద్దనుకుని ఇక్కడే ఉండిపోదామా అని కొన్ని రోజులు అనిపిస్తుంది, ఏ సంగతీ తేల్చుకోలేకపోతున్నాను.

కొత్తగా డ్యూటీలో చేరే చెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. మొదటి పొక్కు కనిపించిన రోజే, ఆయింట్‌మెంట్ కొనకముందే, మీ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లండి. "మేడమ్, ఈ గ్లవ్స్ నాకు పడటం లేదండీ" అనండి. ఆ ఒక్క ముక్క అనడానికి నాకు పదకొండు నెలలు పట్టింది.