అద్దం పగిలినా మోగని డబ్బా

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఏ తాతల కాలమో అనుకుంటారు గానీ, నేను చెప్పబోయేది మొన్నమొన్నటి సంగతే. అప్పటికే అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు వచ్చేశాయి, గుడివాడలో ప్రతి రెండో షాపు ముందూ ఒక సీసీ కెమెరా వేలాడుతోంది. అయినా నా వరకూ అవి 'ఆ రోజులే'. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ప్రపంచంలో నేను బాగుచేయలేని వస్తువంటూ ఉండదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఐదు నెలల ఇరవై రోజులు బతికింది.

మా ఇంట్లో ఆడవాళ్ళందరూ టీచర్లే. నానమ్మ టీచరు, అమ్మ టీచరు, ఇద్దరత్తయ్యలూ టీచర్లు, అక్క కూడా ఆ దారే పట్టింది. (మా ఇంటికి వచ్చిన చుట్టాలు మంచినీళ్ళు అడగాలన్నా ముందు చెయ్యెత్తుతారని బాబాయి ఏడిపించేవాడు.) నేనొక్కదాన్నే గుడ్లవల్లేరులో ఎలక్ట్రానిక్స్ చదివి, స్క్రూడ్రైవరు పట్టుకుని బతుకుతానన్నాను. నాన్న కాదనలేదు. "ఆర్నెల్లు చూస్తానమ్మా. పర్మినెంట్ చేశారా, నీ ఇష్టం. చెయ్యలేదా, ఇంక మాట్లాడకుండా బి.ఎడ్.లో చేరాలి" అన్నారు. అప్లికేషన్ అప్పటికే నింపి, నా ఫోటో కూడా అంటించి బీరువాలో పెట్టారు. కూతురి మీద అంత నమ్మకం.

నేను చేరింది గుడివాడలో ఇళ్ళకీ షాపులకీ సెక్యూరిటీ అలారాలు బిగించే ఒక చిన్న కంపెనీలో. దాని యజమానిని అందరూ సిగ్నల్ సారు అనేవాళ్ళు. ఆయన ప్రతిదాన్నీ సిగ్నల్‌తోనే కొలిచేవారు. మధ్యాహ్నం క్యారేజీ రాకపోతే "ఇంటినుంచి సిగ్నల్ అందట్లేదు" అనేవారు. నేను చేరిన కొత్తలో నన్ను ఎగాదిగా చూసి "నిచ్చెన ఎక్కగలవా అమ్మాయ్?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. ఎక్కగలనన్నాను. ఎక్కడం వరకూ నిజమే.

ఆరో నెలలో దివిసీమలోని ఒక ఊరి చర్చి పని నాకు అప్పజెప్పారు. ఆ చర్చిలో వేదిక వెనక పాతకాలపు రంగుటద్దాల కిటికీ ఉంది. పొద్దున్నపూట ఎండ పడితే గచ్చు మీద ఎరుపూ నీలమూ పరుచుకునేవి. దానికి కాపలాగా గ్లాస్ బ్రేక్ డిటెక్టర్ పెట్టాలి. సబ్బుపెట్టెంత తెల్ల డబ్బా అది. ముందువైపు ఆవగింజంత బెజ్జం, ఆ బెజ్జం వెనక మైకు. అద్దం పగిలిన చప్పుడు చెవిన పడగానే, వైరు గియరు లేకుండా ఆఫీసు గదిలో ఉన్న పెట్టెకి కబురు పంపుతుంది, ఆ పెట్టె సైరన్ మోగిస్తుంది. ఇదంతా నేను వివరిస్తుంటే చర్చి సెక్రటరీ అంకుల్ నోరెళ్ళబెట్టి విన్నారు. "వైరు లేకండా ఎట్టా చేసుద్దమ్మా పని? అయినా ఉప్పెనకే పగల్లేదు ఈ అద్దం, దొంగోడికి పగులుద్దా?" అన్నారు.

డిటెక్టర్ ఇస్తున్నది ఆయన కాదు, హెడ్మాష్టారు తాతయ్య. రిటైరై చాలా ఏళ్ళయిన మనిషి. భార్య పోయి ఏడాది కావస్తోంది, ఆవిడ జ్ఞాపకార్థం చర్చికి ఏదైనా ఇవ్వాలనుకున్నారు. ఆ కిటికీని ప్రతి శనివారం తుడిచింది ఆవిడేనట. "ఫ్యాన్లు ఇద్దామంటే అందరూ ఇచ్చేశారమ్మా. పైగా ఫ్యాను రెక్క మీద రాసిన పేరు కరెంటు పోతేనే కనపడుద్ది. ఇదైతే కదలదు" అన్నారు. నిజంగానే ఆ చర్చిలో ఫ్యాను రెక్కలు, కుర్చీల వీపులు, గోడ గడియారం, ఆఖరికి మంచినీళ్ళ డ్రమ్ము కూడా ఎవరో ఒకరి జ్ఞాపకార్థమే ఉన్నాయి. నేను నవ్వుకున్నాను. ఆ నవ్వు నా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

మొదటి పొరపాటు మాత్రం అచ్చంగా నాదే. డబ్బా ఇరవైనాలుగు గంటలూ మేలుకునే ఉండేలా పెట్టి, మహా జాగ్రత్తపరురాలిననుకుంటూ బస్సెక్కాను. ఆదివారం ఆరాధనలో మొదటి పాటకే తాళాలు ఖణేల్మన్నాయి. డబ్బాకి అద్దం పగిలినట్టే వినపడింది, సైరన్ అందుకుంది. దివిసీమలో సైరన్ అంటే ఇంకేముంది! సెక్రటరీ అంకుల్ ఫోన్ చేసి రొప్పుతూ చెప్పారు. "అమ్మాయ్, సగం మంది తుఫాను షెల్టర్ ఎక్కేశారు. దిగమంటే దిగట్లేదు. పాస్టరు గారు కింద నిలబడి బతిమాలుతున్నారు!" ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. అమ్మ బీరువా వైపు చూసింది.

సిగ్నల్ సారు నన్ను పిలిచి, అరవకుండా మాట్లాడారు. అరిచినా బాగుండేది. "వచ్చే ఆదివారం ఆ డబ్బాకి ప్రతిష్ఠ చేస్తారంట. ఊరంతా వస్తారు, నేనూ వస్తాను. అది సవ్యంగా జరిగితే సోమవారం నీ పర్మినెంట్ లెటర్ మీద సంతకం పెడతాను. జరక్కపోతే నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలో" అన్నారు. శనివారం పొద్దున్నే పామర్రులో బస్సు మారి, దివిసీమలో దిగి, డబ్బా సున్నితత్వాన్ని కాస్త తగ్గించి, అద్దం పగిలే చప్పుడు చేసే టెస్టర్‌తో పదిసార్లు పరీక్షించాను. పదిసార్లూ మోగింది. తాళాలు వాయించి చూశాను, మోగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పర్మినెంట్ లెటర్‌ని ఏ ఫ్రేములో కట్టించాలా అని ఆలోచించాను.

ఆదివారం ప్రార్థన అయింది, పాస్టరు గారు డబ్బాని ప్రతిష్ఠించారు. ఇంక మోగించి చూపించాలి. టెస్టర్ తీయబోయాను. "అదేంటమ్మా, ఆ చప్పుడు ఉత్తుత్తిది. నిజం అద్దం పగలగొడదాం" అన్నారు సెక్రటరీ అంకుల్. అప్పటికే పాత ఫోటో ఫ్రేముల అద్దాలు మూడు తెప్పించి ఉంచారు. కిందంతా గోనెపట్టాలు పరిచి, మొదటి అద్దాన్ని నిలబెట్టి సుత్తితో కొట్టారు. భళ్ళుమంది. అందరూ చెవులు మూసుకున్నారు. సైరన్ మోగలేదు. రెండో అద్దం. అందరూ చెవులు సగం మూసుకున్నారు. మోగలేదు. మూడోదానికి ఎవరూ చెవులు మూసుకోలేదు. ముందు వరసలో ఒక ముసలావిడ మాత్రం "మూడు అద్దాలు దండగ" అని గట్టిగానే అంది.

సిగ్నల్ సారు ముఖం వైపు చూడలేకపోయాను. గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కాను. తాతయ్య వచ్చి కింద నిచ్చెన పట్టుకున్నారు. కిందనుంచి డబ్బా మీద ఎర్ర అక్షరాలు ముచ్చటగానే కనిపించాయి గానీ, పైకెక్కి చూస్తే నా ప్రాణం అక్కడే పోయింది. శనివారం నేను వెళ్ళాక బందరు నుంచి బ్రష్ భాయ్ అనే బోర్డుల పెయింటర్‌ని పిలిపించారు. అన్ని ఫ్యాన్ల మీదా పేర్లు రాసిన చెయ్యే అది, పాపం పనితనానికి వంక పెట్టలేం. సబ్బుపెట్టెంత జాగాలో 'ప్రభువునందు నిద్రించిన' దగ్గర్నుంచి 'రిటైర్డ్ టీచర్, జ్ఞాపకార్థం' దాకా అంతా పట్టించాడు. ఎర్ర ఎనామెల్ పెయింటు, ముత్యాల్లాంటి అక్షరాలు. తాతయ్య భార్య, మామ్మగారి పేరు అన్నిటికంటే పెద్దది. ఆ పేరులో మొదటి అక్షరం సరిగ్గా బెజ్జం మీద కూర్చుంది. పెయింటు ఆరి గట్టిపడిపోయింది. నా డబ్బాకి చెవులు పోయాయి.

"ఏమైందమ్మా?" అన్నారు కిందనుంచి తాతయ్య. నిజం చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది. మామ్మగారి పేరే దీన్ని చెవిటిదాన్ని చేసింది, గీకేయాలి అని చెప్పాలి. ఊరంతా వింటుండగా, ఆవిడ పోయి ఏడాది కూడా నిండకుండా, ఆయన కళ్ళముందే ఆ పేరుని బ్లేడుతో గీకాలి. ఆయన తలెత్తి, "పేరు బాగా వచ్చింది కదూ. కింద కుర్చీలోంచి కూడా చదవొచ్చు" అన్నారు. ఇంక నా వల్ల కాలేదు. "బాగా వచ్చింది తాతయ్యా. నాదే పొరపాటు. సున్నితత్వం మరీ తగ్గించేశాను" అన్నాను.

సిగ్నల్ సారు అప్పటికప్పుడే డబ్బా విప్పి పట్టుకెళ్దామన్నారు. "ప్రార్థన చేసిన వస్తువండీ, దించకూడదు. మోగినప్పుడే మోగుద్ది" అని సెక్రటరీ అంకుల్ అడ్డుపడ్డారు. తిరుగు ప్రయాణం సారు కారులోనే. గుడివాడలో దిగేటప్పుడు "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా" అన్నారు. అమ్మా అన్నందుకే ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి ఎవరికీ కారణం చెప్పలేదు. బి.ఎడ్. అప్లికేషన్ మీద సంతకం పెట్టి, తలుపేసుకుని, రెండ్రోజులు నా గొప్ప త్యాగాన్ని తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. ఏడుపులో కూడా కొంచెం గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఒక పెద్దాయన మనసు కాపాడడానికి జీవితాన్నే వదులుకున్నదాన్ని కదా!

కొన్నేళ్ళ తర్వాత, అంటే ఈమధ్యనే, బందరులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర హెడ్మాష్టారు తాతయ్య కనిపించారు. బాగా వంగిపోయారు గానీ నన్ను గుర్తుపట్టారు. నేను సైన్సు టీచరుగా పని చేస్తున్నానంటే సంతోషించారు. నేనే వెళ్ళి పక్కన కూర్చుని, ఇంక దాచలేక, ఆ రోజు పెయింటు సంగతీ ఉద్యోగం సంగతీ అంతా చెప్పేశాను. ఆయన తింటున్న చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, ఉద్యోగం పోయిందా? నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. చాలాసేపు బాధపడ్డారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పెయింటు సంగతి నాకు మర్నాడే తెలిసిందమ్మా. నిచ్చెనెక్కి పేరు దగ్గరగా చూసుకుందామనుకున్నా. చూస్తే బెజ్జం మూసుకుపోయి ఉంది. గుండుసూదితో మెల్లిగా పొడిచా. అంతే. మామ్మ పేరుకి గీత కూడా పడలా. ఆ తర్వాతి ఆదివారమే తాళాలు ఇంకాస్త గట్టిగా వాయించారు, మోగింది. ఇప్పటికీ మోగుతానే ఉంది."

అప్పుడు నా ముందున్న విస్తరిలో ఏముందో నాకు గుర్తులేదు. నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదువు, పదిసార్ల పరీక్ష, అంత త్యాగం, రెండు రోజుల ఏడుపు, అన్నీ కలిపి ఒక గుండుసూది ముందు నిలవలేదు. ఆ రోజు నా చున్నీకే రెండు పిన్నీసులున్నాయి. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ అప్పుడప్పుడు క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోతాను. ఊరంతా చూస్తుండగా నిచ్చెన మీద నిలబడి, కళ్ళనీళ్ళు దిగమింగుకుంటూ జీవితాన్ని త్యాగం చేస్తున్న ఆ పిల్ల కనిపిస్తుంది. దాని భుజం తట్టి "పిచ్చిదానా, పిన్నీసు తియ్యవే" అనాలనిపిస్తుంది.